అడిగి తీసుకోవాల్సిన డబ్బు

పనిలో దెబ్బ తగిలితే ఇంట్లో మొదట నడిచేది తప్పెవరిదన్న చర్చ. హెల్మెట్ పెట్టుకున్నాడా, బెల్టు కట్టుకున్నాడా, ముందు రాత్రి నిద్రపోయాడా, పక్కనున్నవాడు చూసుకోవద్దా. ఏదైనా ప్రమాదం జరిగిన వారం భిలాయ్ సెక్టర్ 4 క్వార్టర్ల మధ్య నడిస్తే ఈ మాటలే వినిపిస్తాయి. ఈ చర్చ తేలకుండానే వారం గడిచిపోతుంది. చాలా కుటుంబాలు లక్షల రూపాయల హక్కును పోగొట్టుకునేది సరిగ్గా ఆ వారంలోనే.

అందుకే ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. పరిహార చట్టం తప్పెవరిదని అడగదు. దెబ్బ పనిలో ఉండగా తగిలిందా, ఆ పని మూలంగా తగిలిందా అని అడుగుతుంది. మీ తమ్ముడు తొందరపడి చెయ్యి పెట్టాడా, పక్కవాడు స్విచ్ వేశాడా అన్నది యజమాని బాధ్యతను చెరిపేయదు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. తాగి పనిచేయడం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని తెలిసి తెలిసి ధిక్కరించడం, రక్షణ కోసం బిగించిన గార్డును కావాలని తీసేయడం. ప్రాణం పోయినా, మనిషి ఏ పనికీ పనికిరానంతగా శాశ్వతంగా దెబ్బతిన్నా ఆ మినహాయింపులు కూడా యజమానిని కాపాడలేవు. కనుక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, తరఫు మనిషి వచ్చి "మీవాడిదే తప్పు, అయినా మానవత్వంతో ఏదో ఇస్తున్నాం" అంటే కంగారు పడకండి. అతను చెప్పే తప్పుకూ మీకు రావాల్సిన డబ్బుకూ సంబంధం లేదు.

ఈ ఆలోచన పుట్టింది మన దేశంలో కాదు. జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం తెచ్చింది, బ్రిటన్ 1897లో. అంతకు ముందు దెబ్బ తగిలిన కార్మికుడు కోర్టుకెళ్లి యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. సాక్ష్యం చెప్పాల్సిన తోటి కార్మికులు అదే యజమాని కింద పనిచేస్తుంటారు. ఇక కేసు గెలిచేదెవరు? అందుకని ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. కార్మికుడు నిర్లక్ష్యం రుజువు చేయక్కర్లేదు, బదులుగా లెక్క ప్రకారం వచ్చే సొమ్ముతో సరిపెట్టుకోవాలి. మన దగ్గర ఇది 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టంగా వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. 2010లో పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంగా మారింది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో పాత చట్టం స్థానంలో అందులోని ఒక అధ్యాయం నిలబడింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారలేదు. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం.

భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల్లో, ఆ తర్వాతి ఏళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరిన తాతలు, తండ్రులు పర్మనెంటు ఉద్యోగులు. క్వార్టరు, సెక్టర్ 9 ఆస్పత్రి, పిల్లలకు స్కూలు అన్నీ కంపెనీవే. ఇవాళ అదే ఇంటి మనవడు ఠేకేదారు ఇచ్చిన గేటు పాసుతో బోరియా గేటు దాటి లోపలికి వెళ్తున్నాడు. తాతా మనవడూ చేసింది ఒకే షాపులో కావచ్చు. దెబ్బ తగిలితే మాత్రం ఇద్దరి డబ్బూ వచ్చే దారులు వేరు. ఈ తేడా తెలియకే మన ఇళ్లలో పెద్దలు కుర్రాళ్లకు తప్పుడు సలహా ఇస్తుంటారు. "కంపెనీయే చూసుకుంటుందిరా" అన్న మాట తాతగారి విషయంలో నిజం. మనవడి విషయంలో ఎవరు చూసుకోవాలో ముందే తెలుసుకుని ఉండాలి.

దారులు మూడు. మీ ఇంట్లో పనికి వెళ్లే ప్రతి మనిషీ ఏ దారిలో ఉన్నాడో ఈ రాత్రే తేల్చుకోండి.

పర్మనెంటు ఉద్యోగి జీతం ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిమితి దాటి ఉంటుంది కాబట్టి అతనికి కాంపెన్సేషన్ లెక్కే వర్తిస్తుంది. దానితో పాటు ప్లాంటు నడిపే సెయిల్ సొంత ఏర్పాట్లు ఉన్నాయి. ఉద్యోగి చనిపోతే పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్మును కంపెనీ దగ్గర డిపాజిట్ చేసి, అతను రిటైరయ్యే తేదీ దాకా చివరి బేసిక్, డీఏ నెలనెలా అందుకునే ఫ్యామిలీ బెనిఫిట్ స్కీమ్ అందులో ఒకటి. ఆ స్కీమ్ ఉంది కాబట్టి కారుణ్య నియామకం అడగకూడదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000లో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. నెలనెలా వచ్చే డబ్బు ఉద్యోగానికి ప్రత్యామ్నాయం కాదంది.

ఠేకా కార్మికుడి జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి, ఠేకేదారు అతన్ని ఈఎస్ఐలో చేర్పించి ఉంటే అది రెండో దారి. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది, పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. 2019 జులై నుంచి జీతంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడుతున్నారు. 20,000 జీతమైతే మీవాడి వాటా 150 రూపాయలు, యజమాని వాటా 650. ఈ కొద్ది సొమ్ముకు వచ్చేది తక్కువేం కాదు. పనిలో దెబ్బ తగిలి మంచం పట్టిన రోజులకు సగటు రోజు కూలిలో 90 శాతం ఇస్తారు. శాశ్వతంగా అంగవైకల్యం వస్తే, సంపాదించే శక్తి ఎంత పోయిందో మెడికల్ బోర్డు తేల్చి ఆ మేరకు జీవితాంతం నెలనెలా ఇస్తారు. ప్రాణం పోతే భార్యాపిల్లలకు పెన్షన్, అంత్యక్రియలకు 15,000 వస్తాయి. చిన్నవయసు కుటుంబానికి ఒకేసారి చేతిలో పడి కరిగిపోయే లక్షల కంటే ఈ నెలసరి పెన్షనే మేలని నా గట్టి అభిప్రాయం.

ఈఎస్ఐలో చాలామందికి తెలియని ఊరట ఇంకొకటి ఉంది. జబ్బు చేస్తే ఇన్ని రోజుల కంట్రిబ్యూషన్ కట్టి ఉండాలన్న షరతు వర్తిస్తుంది. పనిలో దెబ్బ తగిలితే ఆ షరతు లేదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. ఠేకేదారు డబ్బు కోసుకుని ఈఎస్ఐకి కట్టకపోయినా కార్మికుడికి ఇవ్వాల్సింది ఇచ్చేసి, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం ఈఎస్ఐ కార్పొరేషన్‌కు ఉంది. కనుక "నీ పేరు ఇంకా ఎక్కలేదు" అన్నంత మాత్రాన వెనక్కి రాకండి.

మూడో దారి ఈఎస్ఐ లేని ఠేకా కార్మికుడిది. అతనికి కాంపెన్సేషన్ లెక్క వర్తిస్తుంది, ఇచ్చే బాధ్యత ఠేకేదారుది. ఠేకేదారు చేతులెత్తేస్తే? పని ఎవరి ఆవరణలో, ఎవరి కోసం జరుగుతుందో ఆ ప్రధాన యజమాని చెల్లించాలి. తర్వాత ఠేకేదారు దగ్గర రాబట్టుకోవడం ఆయన పని. అందుకే దరఖాస్తులో ఇద్దరి పేర్లూ రాయాలి. ఒక్క ఠేకేదారు పేరే రాసి, అతను ఊరు విడిచిపోయాక తలపట్టుకుని కూర్చుంటే లాభం లేదు. ఒకే దెబ్బకు ఈఎస్ఐ ప్రయోజనం, కాంపెన్సేషన్ రెండూ తీసుకోవడం కుదరదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక లెక్క. ఇది మీరే వేసుకోవాలి, ఎవరో చెబితే నమ్మకూడదు. కాగితం, పెన్ను తీసుకోండి.

ప్రాణం పోయినప్పుడు నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఒక అంకెతో గుణించాలి. శాశ్వత సంపూర్ణ వైకల్యమైతే సగం బదులు 60 శాతం. ఆ అంకె 25 ఏళ్లకు 216.91, 30 ఏళ్లకు 207.98, 35కు 197.06, 40కి 184.17, 50కి 153.09. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. జీతం ఎంతున్నా ప్రభుత్వం నోటిఫై చేసిన పరిమితి వరకే లెక్కలోకి తీసుకుంటారు. 2020 జనవరి 3 నాటి నోటిఫికేషన్‌తో అది 15,000 అయింది.

35 ఏళ్ల మనిషి చనిపోయాడనుకుందాం. 15,000లో సగం 7,500. దాన్ని 197.06తో గుణిస్తే 14,77,950 రూపాయలు. అదే మనిషి 2020కి ముందు చనిపోయి ఉంటే పరిమితి 8,000, వచ్చేది 7,88,240. 2010 మే 31కి ముందైతే పరిమితి 4,000, వచ్చేది 3,94,120. అదే ప్రాణం, అదే వయసు, అదే పని. చట్టంలో సూత్రం ఒక్క అక్షరం మారలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక చిన్న నోటిఫికేషన్ ఒక్క అంకె మార్చింది, అంతే. ఈ వ్యవస్థ ఎలా మారుతుందని ఎవరైనా అడిగితే నేను ఈ మూడు అంకెలే చూపిస్తాను. పార్లమెంటులో పెద్ద చర్చలు జరిగి మారేది కొంతే. పరిమితి పెంచడం మరిచిపోయిన ప్రతి ఏడాదీ, ధరలు పెరుగుతూ పోవడం వల్ల, పరిహారం దానంతటదే తగ్గిపోతుంది. 2010 నుంచి 2020 దాకా పదేళ్లు అలాగే గడిచాయి. ఇవాళ ప్లాంటులో నైపుణ్యం ఉన్న ఠేకా కార్మికుల జీతం ఎన్నోచోట్ల 15,000 దాటింది. ఈ పరిమితి ఏటా ధరల సూచీతో పాటే పెరగాలని యూనియన్లు గట్టిగా అడగాలి. డీఏ పెంపు ఒక నెల ఆలస్యమైతే గేటు దగ్గర కూర్చునే మనం దీని గురించి కూర్చున్న రోజులు తక్కువ.

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. మనవాళ్లు ఎందరో ఉంటున్న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1911 నుంచి ప్రభుత్వమే ప్రమాద బీమా నిధి నడుపుతోంది. అక్కడ ఏ పనికి ప్రమాదం ఎక్కువో ఆ పనికి ప్రీమియం ఎక్కువ. ఒకే రకం పని చేసే రెండు కంపెనీల్లో ఎవరి దగ్గర ప్రమాదాలు ఎక్కువ జరిగితే వాళ్లు ఎక్కువ కట్టాలి. మన ఈఎస్ఐలో కోక్ ఓవెన్ దగ్గర మనుషుల్ని దింపే ఠేకేదారు, బట్టల కొట్టు యజమాని ఇద్దరూ అదే 3.25 శాతం కడతారు. మనుషుల్ని జాగ్రత్తగా చూసుకున్నవాడికి ఒక్క రూపాయి మిగలదు, చూసుకోనివాడికి ఒక్క రూపాయి భారం పడదు. భద్రతకు ఖర్చు పెట్టేవాడికి లాభం కనిపించే ఏర్పాటు మన చట్టాల్లో రావాల్సిన తరువాతి మార్పు.

ప్రమాదం జరిగిన రోజు ఏం చేయాలన్నది ఇప్పుడు చూద్దాం. ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

2014 జూన్ 12న గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయినప్పుడు, 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర మంటలు ఎగసి ముందు తొమ్మిది మంది, తర్వాత ఆస్పత్రిలో మరికొందరు చనిపోయినప్పుడు దేశమంతా చూసింది. మొదటి దాంట్లో డిప్యూటీ జనరల్ మేనేజర్ స్థాయి అధికారులు కూడా ఉన్నారు, రెండో దాంట్లో ఫైర్ సిబ్బంది ఉన్నారు. అలాంటి ప్రమాదం జరగలేదని ఎవరూ అనలేరు. పరిహారం ప్రకటిస్తారు, పేపర్లలో వస్తుంది. కష్టమంతా ఒక్క మనిషికి, ఒక్క వేలికి, ఒక్క కంటికి జరిగే ప్రమాదాల్లోనే. అక్కడ టీవీ కెమెరా ఉండదు, ఉన్న సాక్ష్యమల్లా కాగితమే.

మొదటి కాగితం క్యాజువాలిటీలో పుడుతుంది. డ్యూటీ డాక్టరు నాడి చూస్తూనే "ఏమైంది?" అని అడుగుతాడు. పక్కన నిలబడ్డవాళ్లు చెప్పింది నాలుగు మాటల్లో చీటీ మీద రాస్తాడు. తోడొచ్చింది ఠేకేదారు మున్షీ అయితే, అతను "రూములో మెట్ల మీద జారాడు" అన్నాడనుకోండి, చీటీ మీద అదే పడుతుంది. ఆరు నెలల తర్వాత బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంటాడు. మీరు ఎందరు సాక్షుల్ని తెచ్చినా ఆ చీటీతో పోరాడాల్సి వస్తుంది. కాబట్టి ఇంటి నుంచి ఒక మనిషి పరుగున ఆస్పత్రికి వెళ్లాలి, డాక్టరుకు తనే చెప్పాలి. డ్యూటీలో ఉండగా, ఫలానా షాపులో, ఫలానా పని చేస్తుండగా, ఇన్ని గంటలకు. చీటీ మీద ఆ మాటలున్నాయో లేదో అక్కడే చదవాలి. హిందీ, ఇంగ్లిషు రాకపోతే చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి. తప్పు రాసి ఉంటే అప్పుడే, ఆ డాక్టరు డ్యూటీ దిగకముందే సరిచేయమని అడగండి. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ప్లాంటు లోపల మెయిన్ మెడికల్ పోస్టుకు ముందు తీసుకెళ్లి ఉంటే అక్కడి ఎంట్రీ సంగతి కూడా కనుక్కోండి.

ఉన్నది ఉన్నట్టే చెప్పండి. డబ్బు కోసం ఒక్క ముక్క కల్పించినా మిగతా నిజమంతా దానితో కొట్టుకుపోతుంది.

రెండోది, యజమానికి రాతపూర్వక నోటీసు. తెల్లకాగితం చాలు. పేరు, చేసే పని, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, తగిలిన దెబ్బ రాసి ఠేకేదారుకు, ప్రధాన యజమానికి ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్లు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసు ఆలస్యమైనా, యజమానికి ప్రమాదం సంగతి మరో రకంగా తెలిసి ఉంటే హక్కు పోదు. అయినా ఆ ఆలస్యం మీద వాదనకు చోటివ్వడం ఎందుకు? ప్రమాదం వల్ల మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు యజమాని తెలియజేయాలి. ప్రాణం పోయినా, తీవ్రమైన గాయమైనా వారం రోజుల్లో పరిహారం కేసులు చూసే అధికారికి రిపోర్టు పంపాలి. పంపారా అని అడగండి. అడిగేవాళ్లుంటే పంపుతారు.

మరణం జరిగితే పోలీసు స్టేషన్లో మర్గ్, అంటే అసహజ మరణం కేసు, నమోదవుతుంది, పోస్ట్‌మార్టం జరుగుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లను ఈ కాగితాలు అడగమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. అయినా చెప్పక తప్పదు. మర్గ్ నంబరు రాసుకోండి. పోస్ట్‌మార్టం రిపోర్టు నకలు తెచ్చుకోండి. శవాన్ని సొంతూరికి తీసుకెళ్లే హడావుడిలో ఇవి మిగిలిపోతే మళ్లీ రెండు రాష్ట్రాల మధ్య తిరగాలి.

అతను అక్కడ పనిచేశాడని రుజువు చేసేవి ఇంట్లోనే ఉంటాయి. గేటు పాసు, సేఫ్టీ ట్రైనింగ్ కార్డు, బ్యాంకు పాసుబుక్కులో జీతం పడిన పేజీ, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు. గేటు పాసు తిరిగి ఇచ్చేయమని అడుగుతారు. ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీయండి. ఖాతాలో పడిన జీతంలో కొంత నగదుగా తిరిగి తీసుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే, ఖాతాలో పడిన మొత్తమే జీతమని పట్టుబట్టండి.

ఇప్పుడు సంతకం కాగితం సంగతి. చాలామంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

మనిషి పోయిన మూడో రోజో, నాలుగో రోజో సొంతూరి నుంచి సమతా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన అత్తామామలు, బావమరుదులు ఇంట్లో ఉండగా ఠేకేదారు తరఫున ఇద్దరు వస్తారు. కవరులో లక్షో, రెండు లక్షలో ఉంటాయి. స్టాంపు పేపరు మీద హిందీలో టైపు చేసి ఉంటుంది. "ఇకపై నాకు ఎవరి మీదా ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం చివరి పేరాలో ఉంటుంది. వచ్చినవాళ్లు మర్యాదగానే మాట్లాడతారు. కన్నీళ్లు పెట్టుకుంటారు కూడా. "అమ్మా, కేసులంటే ఏళ్లు పడుతుంది, ఇది ఇప్పుడే చేతికొస్తుంది" అంటారు. ఊరి పెద్దలు కూడా తీసేసుకోమంటారు.

చట్టం ఏమంటుందంటే, మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతికి ఇస్తే అది చెల్లింపు కిందికే రాదు. ఆ సొమ్ము పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. అధికారి భార్య, పిల్లలు, తల్లిదండ్రుల వాటాలు తేల్చి పంచుతాడు. పిల్లల వాటాను బ్యాంకులో వేయిస్తాడు. నేరుగా ఇవ్వగలిగేది అడ్వాన్సుగా మూడు నెలల జీతం వరకే. ఆ సంతకం కాగితానికి కూడా విలువ లేదు. చట్టం ఇచ్చిన పరిహార హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చే ఏ ఒప్పందమైనా చెల్లదు. 14,77,950 రావాల్సిన చోట రెండు లక్షలకు సంతకం పెట్టినా మిగతాది అడగవచ్చు.

అంటే సంతకం పెట్టేసినవాళ్లు కూడా ధైర్యం తెచ్చుకోవచ్చు. పెట్టనివాళ్లు పెట్టకండి. అంత్యక్రియలకు డబ్బు అవసరమై తీసుకోవాల్సి వస్తే "అడ్వాన్సుగా అందింది" అని తెలుగులో మీరే రాసి, మొత్తం వేసి, తేదీతో సంతకం పెట్టండి. అమ్మాయి చేత, అంటే భర్త పోయిన ఆ ఆడబిడ్డ చేత, ఎవరూ తొందరపెట్టి సంతకం పెట్టించకుండా ఇంట్లో ఒకరు ఆమె పక్కన కూర్చోవాలి. ఇది వకీలు చేసే పని కాదు, అన్నో వదినో చేయాల్సిన పని.

పరిహారం ఇవ్వాల్సిన నాటి నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా. మన ఉదాహరణలో ఏడాది వడ్డీయే 1,77,354 రూపాయలు. "కేసులంటే ఏళ్లు" అన్నవాళ్లకు ఆ ఏళ్లు ఊరికే పోవని చెప్పండి.

దరఖాస్తు ఎక్కడ? ప్రమాదం జరిగిన చోటి అధికారి దగ్గరే వేయాలని చాలామంది అనుకుంటారు. ఆ కుటుంబం మామూలుగా నివసించే ప్రాంతపు అధికారి దగ్గర కూడా వేయవచ్చని చట్టం చెబుతోంది. మన వలస కుటుంబాలకు దీన్ని మించిన వెసులుబాటు లేదు. భర్త భిలాయ్‌లో పోయాడు, ఆమె పిల్లలతో టెక్కలికో పాలకొండకో వెళ్లిపోయింది. ఆమె అక్కడి కార్మిక శాఖ అధికారుల దగ్గర తెలుగులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు ప్రమాదం లేదా మరణం నాటి నుంచి రెండేళ్లు. దాటిపోయినా తగిన కారణం చూపిస్తే తీసుకుంటారు.

వేలు పోయినా, కన్ను పోయినా లెక్క వేరుగా ఉంటుంది. చట్టంలోని పట్టికలో బొటనవేలికి 30 శాతం, చూపుడు వేలికి 14, ఒక కన్ను పోతే 40 అని ఉంటుంది. 30 ఏళ్ల మనిషికి సంపూర్ణ వైకల్యానికి వచ్చేది 18,71,820 రూపాయలు కాబట్టి బొటనవేలికి అందులో 30 శాతం, 5,61,546. అక్కడితో సరిపెట్టుకోవాలా? ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాల్లో అలంకరణ పనిచేస్తూ పడిపోయిన వడ్రంగి ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది సంపూర్ణ వైకల్యమేనని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. కనుక డాక్టరు సర్టిఫికెట్లో ఎంత శాతం వైకల్యం అని మాత్రమే చూడకండి. మీవాడు చేసే పని ఇక చేయగలడా లేదా అన్న మాట రాయించండి. వెల్డరుకు కన్నంటే ఏమిటో, క్రేను నడిపేవాడికి చెవంటే ఏమిటో దరఖాస్తులో వివరంగా రాయండి. చెవుడు, ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ లాంటి వృత్తి వ్యాధులకు కూడా పరిహారం ఉంది. ఇటుక పని చేసినవాళ్లు దగ్గు ముదిరినప్పుడు డాక్టరుకు తాము చేసిన పనేమిటో తప్పకుండా చెప్పాలి.

ఇక ఆఖరి సంగతి దారిలో జరిగే ప్రమాదాలు. తెల్లవారుజామున సైకిలు మీదో స్కూటరు మీదో గేటు వైపు వెళ్లేవాళ్లను లారీలు గుద్దిన సందర్భాల్లో "ప్లాంటు బయట జరిగింది" అని తోసిపుచ్చేవారు. ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు 2010 సవరణతో ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనిలో జరిగినట్టే అయింది. పాత కాంపెన్సేషన్ చట్టం కింద ఉన్నవాళ్లకు ఆ మాట స్పష్టంగా ఉండేది కాదు. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకరు 2003లో తెల్లవారుజాము మూడు గంటల డ్యూటీకి వెళ్తూ ఐదు కిలోమీటర్ల దూరంలో చనిపోయారు. ఆ కుటుంబానికి న్యాయం దొరికింది 2025 జులైలో, సుప్రీంకోర్టులో. ఇరవై రెండేళ్లు పట్టింది. ఇప్పుడు కొత్త కోడ్‌లోనే ఆ మాట రాసి ఉంది. ప్రమాదం జరిగిన సమయం, చోటు, పరిస్థితులకూ డ్యూటీకీ సంబంధం చూపిస్తే చాలు. దాని కోసం మీరు దాచుకోవాల్సినవి రెండు: ఆ వారం షిఫ్టు చార్టు, ఇంటి నుంచి గేటుకు వెళ్లే మామూలు దారి ఇదేనని చెప్పగల ఇరుగుపొరుగు ఇద్దరి పేర్లు. షిఫ్టు చార్టు నోటీసు బోర్డు మీద వేసిన రోజే ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపమని మీ పిల్లలకు చెప్పండి. దానితో పాటే గేటు పాసు, ఈఎస్ఐ నంబరు, ఠేకేదారు సంస్థ పూర్తి పేరు, మున్షీ ఫోన్ నంబరు కూడా.